క్యాంటీన్ పిల్ల కమాండరైంది

ఇంగ్లండులో కీత్లీ అనే మా ఊరి మార్కెట్లో చేపల దుకాణానికీ బూట్ల దుకాణానికీ మధ్య ఏవ్రిల్ హోల్‌రాయిడ్ కుట్టుకొట్టు ఉంది. ఊళ్లో సగం మంది నడుము కొలతలు ఆవిడకు నోటికి వచ్చు. ఏ క్రిస్మస్ తర్వాత ఎవరి నడుము ఎంత పెరిగిందో కూడా తెలుసు, కానీ చెప్పదు. అరవై రెండేళ్ల మనిషి. భర్త పోయి ఆరేళ్లయింది. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. వాటిని తీయకుండానే మాట్లాడగలదు, నవ్వగలదు, పక్కకొట్టు చేపలాయనతో పోట్లాడగలదు.

మొన్న మార్చిలో ఒక మంగళవారం దాకా ఆవిడ గురించి మాకు తెలిసింది ఇంతే.

మాకు అంటే నాకూ, నైజెల్‌కూ, నస్రీన్‌కూ. నైజెల్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నస్రీన్ మందుల షాపులో ఫార్మసిస్టు, మా కన్నా బాగా చిన్నది. నేను లైబ్రరీలో పనిచేస్తాను. మా ముగ్గుర్నీ కలిపింది ‘దూరపు రేవు’ అనే పాత టీవీ ధారావాహిక. అంతరిక్షంలో ఒక ఓడరేవు, వచ్చేపోయే నౌకలు, దొంగసరుకు, కాల్పులు. మూడేళ్లు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఒక చిన్న కంపెనీ హక్కుదారుల దగ్గర లైసెన్సు తీసుకుని, అవే పాత్రలతో, ఆ నటుల గొంతులతోనే శ్రవ్యనాటకాలు మొదలుపెట్టింది. టీవీలో వచ్చిన భాగాలు ముప్ఫై తొమ్మిది. శ్రవ్యనాటకాలుగా వచ్చినవి ఇప్పటికి రెండు వందల పదహారు. ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం లైబ్రరీ పైగదిలో కూర్చుని వాటి గురించి కొట్టుకోవడం మా పని.

ఆ మంగళవారం నైజెల్ తన రేవు కమాండర్ వేషం కోటుకు జిప్పు వేయించడానికి ఏవ్రిల్ దగ్గరికి వెళ్తూ నన్నూ లాక్కెళ్లాడు. దారి పొడుగునా ఒకటే వాదన. లైసెన్సు గడువు వచ్చే ఏడాదితో అయిపోతోంది.

“ఇంకెన్నాళ్లురా ఇవి? కెప్టెన్ వేసినాయన పోయాడు. డాక్టర్ వేసినావిడ పోయింది. మిగిలిందెవరు?” అన్నాన్నేను.

“వెండా ఉందిగా!” అన్నాడు నైజెల్ కోటు విప్పి బల్ల మీద వేస్తూ.

“వెండా టీవీలో ఉన్నది పదకొండు సెకన్లు. కప్పుల ట్రే పట్టుకొచ్చి ‘కెప్టెన్, పంచదార అయిపోయింది’ అని వెళ్లిపోయింది. దానికి పేరు కూడా లేదు.”

“అందుకే ఇవి ఇన్నాళ్లు నిలిచాయిరా పిచ్చోడా! తెర మీద కనబడ్డ ప్రతి మొహమూ లైసెన్సు కిందకే వస్తుంది. పెద్ద నటులు పోయేకొద్దీ రాసేవాళ్లు మూలమూలలా వెతికారు. క్యాంటీన్ పిల్లకు పేరు పెట్టారు, తిరుగుబాటు చేయించారు, రెండు పెళ్లిళ్లు చేశారు, రేవుకు కమాండర్ను చేశారు!”

ఏవ్రిల్ చేతిలో కత్తెర ఆగింది. నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. అలా తీయడం నేనెప్పుడూ చూడలేదు.

“ఎవరికి రెండు పెళ్లిళ్లు?”

“వెండాకండీ. ఒక కథలో పాత్ర. మీకు తెలీదులెండి.”

“పంచదార అయిపోయిందని చెప్పిన పిల్లేనా? అది నేనే నాయనా.”

నైజెల్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఇరవై ఏళ్లప్పుడు లండన్లో ఆ ధారావాహిక దుస్తుల విభాగంలో కుట్టుపని చేసిందట. షూటింగ్ రోజు ఆ వేషం వేయాల్సిన అమ్మాయి రాలేదు. క్యాంటీన్ దుస్తులు అప్పుడే కుట్టి, సరిపోతాయో లేదో చూడటానికి తనే తొడుక్కుని ఉంటే, ఎవరో చేతికి ట్రే ఇచ్చి లోపలికి తోసేశారట.

“చేతులు గడగడా వణికాయి. కప్పులు గలగలమంటున్నాయని తివాచీలు అతికించే జిగురు తెచ్చి ట్రేకి అంటించేశారు. కావాలంటే చూసుకో. కెప్టెన్ నన్ను భుజంతో గుద్దుతాడు, ఒక్క కప్పూ కదలదు.”

నైజెల్ ఫోన్లో ఆ ముక్క వెతికి పెట్టాడు. ముగ్గురం తలలు దగ్గరపెట్టి చూశాం. కెప్టెన్ గుద్దుకున్నాడు. ట్రే పూర్తిగా పక్కకు ఒరిగింది. కప్పులు మాత్రం జారకుండా, కొయ్యబారినట్టు అలాగే ఉన్నాయి. మేం ఆ ముక్క ఎన్ని వందలసార్లు చూశామో! ఒక్కసారీ గమనించలేదు.

నైజెల్ పెట్టిన కేకకి చేపలాయన కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? గుండెపోటా?”

“కమాండర్ వెండా! మన ఏవ్రిల్ గారే కమాండర్ వెండా!”

“ఆవిడ మాకెప్పుడూ కమాండరేగా,” అని ఆయన వెళ్లిపోయాడు.

నస్రీన్ ఆ సాయంత్రమే మొదటి నలభై నాటకాలు తెచ్చి ఇచ్చింది. ఏవ్రిల్ కుట్టుకుంటూ వినడం మొదలుపెట్టింది. నెలరోజుల్లో నూట పది పూర్తిచేసింది. ఆ నెలలో చేసిన పని ఎలా ఉండేదంటే, నా ప్యాంటుకు ఒక కాలు రెండంగుళాలు పొట్టి. అడిగితే, “సరిగ్గా అప్పుడే నన్ను బందీగా పట్టుకున్నారు నాయనా, ఏం చేయను?” అంది.

ఆ తర్వాతి నెల మొదటి శనివారం పైగదికి తనే వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

“ఆ రెండో మొగుణ్ని నాకు ఎవరు కట్టబెట్టారు? మాటమాటకీ నిట్టూరుస్తాడు!”

“ఆంటీ, జనానికి వాడంటే ప్రాణం!” అంది నస్రీన్.

“జనం కాపురం చేయట్లేదుగా తల్లీ.”

ఆ రోజు వాదన మళ్లీ ఇవి ఎందుకు నిలిచాయన్న దగ్గరికే వచ్చింది. మైకు ముందు చిప్స్ ప్యాకెట్ నలిపితే గ్రహం పేలిన శబ్దం వచ్చేస్తుంది, ఖర్చు తక్కువ, అందుకని నస్రీన్ అంది. లైసెన్సు ఇచ్చినవాళ్లు ఆ సంగతే మర్చిపోయుంటారని నేనన్నాను. నైజెల్ తన మూలమూలల సిద్ధాంతం మళ్లీ విప్పాడు. ఏవ్రిల్ కేకు ముక్క నములుతూ అన్నీ విన్నది.

“మీరంతా చదువుకున్నవాళ్లు. నాకు తెలిసిందొకటే. చూసేదైతే పని ఆపి కూర్చోవాలి. వినేదైతే చేతులు ఖాళీగా ఉండక్కర్లేదు. నైజెల్ బస్సు తోలుతూ విన్నాడు. నస్రీన్, నువ్వు మాత్రలు లెక్కపెడుతూ విన్నావు. మనం మన పనికి వెళ్తుంటే అది వెంట వచ్చింది. టీవీ మన వెంట రాదుగా.”

ఇరవై ఏళ్లుగా వాదిస్తున్న మాకు ఇది తట్టనే లేదు.

నస్రీన్ ఆ వారమే కంపెనీకి ఏవ్రిల్ గురించి ఉత్తరం రాసింది. వెండాకు అన్నేళ్లూ గొంతిచ్చిన నటి ఆ మధ్యే మానేసిందట. అసలు మనిషి కోసం వాళ్లు మొదట్లోనే వెతికారట. టీవీ నటుల పేర్ల జాబితాలో ఏవ్రిల్ పేరు లేకపోవడంతో వదిలేశారు. మూడో రోజే జవాబొచ్చింది, రమ్మని.

లండన్ స్టూడియోలో మమ్మల్ని ముగ్గుర్నీ అద్దం ఇవతల కూర్చోబెట్టారు. అవతల ఏవ్రిల్. దర్శకురాలి పేరు రోవీనా, ఓపికైన మనిషి. మొదట ఏవ్రిల్ కోటు గరగరలాడుతోందని విప్పించారు. తర్వాత రికార్డింగ్ చూసే కుర్రాడు చెవులకున్నవి తీసి అడిగాడు.

“ఆ ఉరుము శబ్దం ఎక్కణ్నుంచి?”

“నా కడుపులోంచి నాయనా. సంబరంలో పొద్దున్నుంచీ ఏం తినలేదు.”

రోవీనా అరటిపండు తెప్పించింది. ఆ కుర్రాడు మాత్రం ఆ శబ్దాన్ని చెరిపేయలేదు. గుహలో జంతువుకి పనికొస్తుందట. నైజెల్ నవ్వాపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

చివరి పేజీ దగ్గర ఏవ్రిల్ ఆగిపోయింది. అందులో వెండా రేవును కాపాడి, పేజీన్నర ఉపన్యాసమిచ్చి చనిపోతుంది.

“ఇంత మాట్లాడే ఊపిరుంటే తలుపు దాకా నడిచిపోవచ్చు కదమ్మా,” అంది.

రోవీనా తలపట్టుకుని నవ్వింది. “గొంతిచ్చే మనిషి లేదని వెండాను చంపేస్తున్నాం. ఇప్పుడు గొంతుందిగా. మళ్లీ వస్తారా?”

“బుధవారాలైతే వస్తాను. కొట్టు సెలవు.”

పక్కగదిలో ఉన్న రచయితను పిలిచారు. అతను అక్కడే గోడకి ఆనుకుని పెన్సిలుతో ఉపన్యాసం మొత్తం కొట్టేశాడు. వెండా తలుపు దాకా నడిచింది. ఇవతల మేం ముగ్గురం కుర్చీలు పడేసి గంతులేస్తుంటే రోవీనా అద్దం మీద కొట్టి కూర్చోమంది.

ఆ నాటకం సెప్టెంబరులో వచ్చింది. అక్టోబరు శనివారం పైగదిలో ఉండగా నస్రీన్ ఫోన్‌కి కబురొచ్చింది. లైసెన్సు ఇంకో పదేళ్లు పొడిగించారు. నైజెల్ బల్లెక్కాడు. నస్రీన్ ఏవ్రిల్‌ను పట్టుకుని గిరగిరా తిప్పింది. కింద నుంచి మా పైఅధికారి గోల తగ్గించమని రెండుసార్లు కేకేసింది. నేను అక్కడే పనిచేస్తానన్న సంగతి నాకే గుర్తులేదు.

ఊపిరి తిరిగాక ఏవ్రిల్ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.

“పదేళ్లంటే నాకు డెబ్బై రెండు. ముందు కళ్లజోడు మార్పించుకోవాలి. వాళ్ల స్క్రిప్టులో అక్షరాలు చీమల్లా ఉంటున్నాయి,” అంది.