ఫిల్టర్ ఆపని గుంట

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను, కాకపోతే ఇదివరకంత గట్టిగా అనలేను. మాది గుంటూరు, ఆదివారం చర్చి తప్పని ఇల్లు. నా ఉద్యోగం హైటెక్ సిటీలో, ఆసుపత్రి పరికరాలకు బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో. కొలతకు అందనిదాన్ని నమ్మకపోవడమే అక్కడ నా పని.

పోయిన వేసవిలో ఒక బోర్డు నన్ను బాగా ఏడిపించింది. సెలైన్ పంపు ఎంత వేగంగా తిరగాలో చెప్పే వోల్టేజీ అందులోంచి ఒక తీగ గుండా బయటికొస్తుంది. రెండు వోల్టులు ఇమ్మంటే కదలకుండా రెండే ఇవ్వాలి. స్క్రీన్ మీద చూస్తే ఆ వోల్టేజీ గీత గొంగళిపురుగులా బొచ్చుబొచ్చుగా ఉంది. చుట్టూ ఉన్న మోటార్లు, ఛార్జర్లు అన్నీ ఆ తీగలోకి నాయిస్, అంటే అక్కర్లేని వణుకు, తోస్తాయి. దానికి విరుగుడు లోపాస్ ఫిల్టర్. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. గబగబా వణికేదాన్ని ఆపేస్తుంది, నెమ్మదిగా మారేదాన్ని పోనిస్తుంది.

పెట్టాను. గీత నున్నగా వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు మధ్యలో ఒక గుంట పడింది. వోల్టేజీ కిందికి జారి, మూడు సెకన్లకి మళ్ళీ లేచింది. ఇన్నాళ్ళూ ఆ బొచ్చులో అది కనబడలేదన్నమాట.

మర్నాడూ పడింది, ఆ మర్నాడూ పడింది. ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికే. ఆ వేళకి మా ల్యాబ్ తుడిచేది యాదమ్మ. నారాయణపేట నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో కిరాయికి ఉంటోంది, యాభై దాటిన మనిషి. నేను ఆమె మాప్‌ని అనుమానించాను. తడి నేల, స్టాటిక్, ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను. మా టీమ్ లీడ్ ప్రకాష్‌కి అంత ఓపిక లేదు.

"కెపాసిటర్ పెద్దది వేసెయ్, ఆ గుంట కూడా పోతుంది. రిపోర్ట్ పంపించు" అన్నాడు.

నాకు మొండితనం ఎక్కువ. అదే మాప్ ఇచ్చి ఇంకొకామెతో తుడిపించాను. గీత కదల్లేదు. తర్వాత యాదమ్మని మాప్ లేకుండా ఊరికే బెంచి పక్కన నిలబడమన్నాను. స్క్రీన్ నా వైపు తిరిగి ఉంది, ఆమెకి కనబడదు.

కాసేపటికి గుంట పడింది. తలెత్తి చూస్తే యాదమ్మ కళ్ళు మూసుకుని బెంచి అంచు పట్టుకుని ఉంది. గీత పైకి లేచింది. ఆమె కళ్ళు తెరిచింది.

"ఏమైంది యాదమ్మా?"

"ఏం లేదు మేడమ్, జర కండ్లు తిరుగుతయ్. గుండె ఆగినట్టయితది, మళ్ల కొట్టుకుంటది. శాన దినాల సంది గిట్లనే ఉంది."

బోర్డు తీగ వైపు మళ్ళీ చూశాను. అది బయటికి వోల్టేజీ పంపే తీగ, లోపలికి దేన్నీ తీసుకోదు. ఆమెకీ దానికీ మధ్య రెండడుగుల గాలి తప్ప ఏమీ లేదు. మనిషి గుండెలో పుట్టే కరెంటు అంత దూరం నుంచి ఇంత గుంట తవ్వలేదు. లెక్క వేసి కూడా చూశాను.

"లీవ్ పెడితే సూపర్‌వైజర్ ఒర్రుతడు మేడమ్" అంటున్నా వినకుండా ఆ సాయంత్రమే దవాఖానకి తీసుకెళ్ళాను. ఒక రోజంతా గుండెకి మెషిన్ కట్టి ఉంచారు. మధ్యమధ్యలో మూడేసి సెకన్లు గుండె ఆగుతోందని, ఏదో ఒకసారి ఆగి మళ్ళీ మొదలవకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. పేస్‌మేకర్ పెట్టారు.

నెలన్నరకి యాదమ్మ తిరిగి పనిలోకి వచ్చింది. బెంచి పక్కన నిలబడింది. గీత తిన్నగా ఉంది. నాకు ఏడుపాగలేదు.

"మీకెట్ల తెల్సింది మేడమ్?" అని అడిగింది.

మీ మొహం చూస్తే తెలిసిందని అబద్ధం చెప్పాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మొన్న గురువారం పొద్దున పదకొండున్నరకి ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. గీతలో గుంట పడింది. తీగలు మార్చాను, బోర్డు మార్చాను, ఫిల్టర్ కొత్తది వేశాను. పావుగంటకి మళ్ళీ పడింది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి స్క్రీన్ ముందు పెట్టి, వెళ్ళి గంటసేపు క్యాంటీన్‌లో కూర్చున్నాను. వీడియోలో ఆ గంటంతా గీత తిన్నగానే ఉంది. నేను వచ్చి కుర్చీలో కూర్చున్న కాసేపటికే పడింది.

నాకు నలభై ఒకటి. కళ్ళు తిరగలేదు, గుండెలో ఏమీ తెలియలేదు. అందుకే ఇంకా భయమేస్తోంది.

రేపు దవాఖానలో అపాయింట్‌మెంట్ ఉంది. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఇదంతా ఎలా జరుగుతోందో ఇన్నేళ్ళ నా చదువులో ఎక్కడా సమాధానం దొరకడం లేదు. బెంచి కింద డ్రాయర్‌లో పెద్ద కెపాసిటర్లు ఉన్నాయి. ఒకటి వేస్తే గీత నున్నగా అయిపోతుంది, ఆ గుంట ఇంక నాకు కనబడదు. ఈ వారంలో రెండుసార్లు ఆ డ్రాయర్ తెరిచాను. రెండుసార్లూ మూసేశాను.