బడి గేటు దగ్గర బాపు చేతులు

గుజరాత్‌లో మేం వలస వచ్చి ఉంటున్న డిండోలిలో, మా ఇంటి దగ్గరి బడిలో అమ్మ క్యాంటీన్ నడుపుతుంది. పిల్లల తిండిలో కృత్రిమ రంగులు వాడకూడదని నిబంధన వచ్చినప్పుడు, రవ్వ కేసరిలో వేసే నారింజ రంగు పొట్లాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది. మర్నాడు తెల్లటి కేసరి చూసి ఒక పిల్ల, "ఆంటీ, ఉప్మాలో చక్కెర పడిందా?" అని హిందీలో అడిగింది. అమ్మ కేసరి మానేసి, పసుపు వేసి కిచిడీ వండడం మొదలుపెట్టింది.

బాపు పాండేసరలో బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తాడు. పొద్దున షిఫ్టుకు పోతూ కిచిడీ గిన్నెను సైకిల్ వెనక కట్టుకుపోయి బడి గేటు దగ్గర దించేవాడు. ఆ వారం మిల్లులో పసుపుపచ్చ చీరలు నడుస్తున్నాయి. బాపు చేతులు మణికట్టు దాకా అదే రంగు. ఎంత రుద్దినా పోదు. గేటు దగ్గర గిన్నె మూత సర్దుతుంటే, ఎవరో పిల్లాడి తల్లి ఆ చేతులను, కిచిడీని కలిపి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

కిచిడీని పరీక్షకు పంపారు. క్యాంటీన్ మూసేశారు.

"ఇది పోతే మళ్ల ఇంట్ల కూసోని చీరలకు మెరుపు రాళ్లు అంటించుడే," అంది అమ్మ.

కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. కిచిడీలో వంటింటి పసుపు తప్ప వేరే రంగేమీ లేదు. అమ్మకు గుజరాతీ సరిగా రాదని ప్రిన్సిపాల్ నన్ను పిలిపించారు.

"రేపటి నుంచి తెరవండి బేటా. మీ నాన్న మాత్రం గేటు దగ్గరికి రాకూడదు. తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు."

పుస్తకాల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. నేను తల ఊపి బయటికి వచ్చాను.

బాపు రోడ్డు అవతల సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటుండు బిడ్డా సారు?"

"క్యాంటీన్ తెరవమన్నడు. నువ్వు గేటు కాడికి రావద్దన్నడు."

నా గొంతు బస్సులో స్టాపుల పేర్లు చెప్పే గొంతులా ఉంది.

"మంచిదే. గిట్లనన్న పొద్దుగాల జరసేపు పండుకుంట," అన్నాడు బాపు.

ఇంట్లో ఆ మాట విని అమ్మ, "పండుకుంటవ్ తీ, కోడిని లేపే మనిషివి," అంది.

మర్నాడు బాపు ఎప్పటిలాగే లేచి గిన్నెను సైకిల్‌కు కట్టాడు. ముడి వేశాక ఆగిపోయాడు. అమ్మ తాడు విప్పసాగింది. నేను ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లాను.