ఎర్ర ముడికి మూడడుగుల ఇవతల

మా మనవరాలు జెస్సికా గురించి రాయాలంటే ముందు ఉదయభాస్కర్ గురించి రాయాలి. ఆ మనిషి పేరు పక్కన గారు పెట్టను. పదకొండేళ్ళు పెట్టాను. నా మనవరాలు విసిరిన బంతిని చీపురుపుల్లతో పక్కకు నెట్టిన రోజు నుంచి మానేశాను.

నా పేరు తెరేసమ్మ. ఇల్లు గుణదలలో, కొండకు వెళ్ళే దారిలో. చదివింది మూడో తరగతి. ఒక ఆడపిల్లల కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఆయాగా చేశాను. గంట కొట్టడం, కాగితాలు మోయడం ఎవరైనా చేస్తారు. సాఫ్ట్‌బాల్ ఆటకు గ్రౌండు గీయడం మాత్రం నేనొక్కదాన్నే చేశాను. నాలుగు మూలలు, మూలకూ మూలకూ మధ్య అరవై అడుగులు. బంతి విసిరే పిల్లను పిచర్ అంటారు. ఆ పిల్ల నిలబడే పలక నడుమన ఉంటుంది. అక్కడినుంచి బ్యాటు పట్టిన పిల్ల ముందుండే ప్లేటు దాకా నలభై మూడడుగులు. టేపు మీద అంకెలు నాకు కుదరవు. అందుకని కొబ్బరి తాడుకు ముళ్ళు వేసుకున్నాను. అరవైకి తెల్ల గుడ్డ ముడి, నలభై మూడుకు ఎర్ర గుడ్డ ముడి. తాడు బిగించి, గుప్పిట్లోంచి ముగ్గు పోసినట్టు సున్నం పోసేదాన్ని. బందరు నుంచి వచ్చే అంపైరు హుమాయూన్ గారు ఒకసారి నా గీత చూసి, “ఇంత తిన్నని గీత మిషను కూడా గీయదమ్మా” అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. నన్ను పొగిడినవాళ్ళను మర్చిపోను, తిట్టినవాళ్ళనూ మర్చిపోను.

ఉదయభాస్కర్ ఆ కాలేజీలో ఆటల మాస్టారు. ప్రతి ఏడూ పోటీలకు ముందు తాడు కొస తనే పట్టుకుని, ప్లేటు దగ్గర మోకాలి మీద కూర్చుని, నేను గీసిందంతా సరిచూసుకుని, ఆ తర్వాతే గ్రౌండు కాగితం మీద సంతకం పెట్టేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఉన్నమాట చెప్పాలి.

నేను రిటైరైన మరుసటి ఏడు జెస్సికా అదే కాలేజీలో చేరింది. మొదటి ఏడంతా దూరంగా పోయిన బంతులు ఏరే చోట నిలబెట్టారు. దానికేమో పిచర్ కావాలని. ఇంతలో కరోనా వచ్చింది. కాలేజీ మూశారు. గ్రౌండులో కూరగాయల బజారు పెట్టారు. జనం ఎడంగా నిలబడటానికి గుండ్రాలు గీయమని నన్ను పిలిచారు. గీసేసి, తాడు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

నా కూతురు మార్త ఆసుపత్రిలో ఆయా. కరోనా వార్డులో డ్యూటీ వేశారు. తను ముందుగదిలో, నేనూ జెస్సికా వెనకగదిలో. డ్యూటీ నుంచి రాగానే గేటు పక్కన కుళాయి కిందే తలస్నానం, చీర కుతకుతలాడే నీళ్ళలోకి. వీధిలోవాళ్ళు మా ఇంటి ముందుకు వచ్చేసరికి అవతలి పక్కకు దాటి నడిచేవాళ్ళు. ఒకావిడ వచ్చి, “తెరేసమ్మగారూ, ఏమనుకోకండి, ఆ గేటు కాస్త మూసి ఉంచండి” అంది. మూశాను. మార్త పళ్ళెం తోమడానికి కూడా వాళ్ళకు కనబడకూడదన్నట్టు మూశాను.

ఆ మూసిన గేటు వెనకే జెస్సికా బంతి విసరడం నేర్చుకుంది. మా ఇంటి పక్కన సన్నటి సందు, వీధి గేటు నుంచి వెనక గోడ దాకా. గోడ మీద బొగ్గుతో చదరం గీసుకుని, గేటుకు వీపు ఆనించి, చెయ్యి కిందనుంచి తిప్పి విసిరేది. తాడు పరిచి చూస్తే ఎర్ర ముడి గేటు దాటి, మూడడుగులు వీధిలోకి పోయింది.

“మూడడుగులు తగ్గింది అమ్మమ్మా. గేటు తీస్తే సరిపోతుంది.”

“గేటు తీస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. సరిపోతుందిలే, ఇక్కడే విసురు.”

ఆ మాట అన్నది నేనే. ఎనిమిది నెలలు అది అక్కడే విసిరింది. ఆ గోడకు సున్నం రాలి ఇటుక బయటపడింది.

డిసెంబరులో కాలేజీ తెరిచారు. ప్రాక్టీసు పెట్టిన మొదటిరోజు నేనూ వెంట వెళ్ళాను, పిల్ల విసురు అందరూ చూస్తుంటే నేనూ చూద్దామని. పలక మీదికెళ్ళి ఒకే ఒక్క బంతి విసిరింది. ప్లేటు వెనక కూర్చున్న పిల్ల చేతిలో టప్పుమంది. ఉదయభాస్కర్ అప్పుడే వరండాలోంచి వచ్చాడు.

“జెస్సికా, అక్కడే ఆగు. మీ అమ్మ ఇంకా ఆ వార్డులోనే చేస్తోందా?”

“అవును సార్. అమ్మకేం రాలేదు సార్. నాకు కూడా నెగటివే. కాగితం తెచ్చాను.”

“దగ్గరకు రాకు, అక్కడే ఉంచు. ఆ బంతి ఎవరూ ముట్టుకోకండి.”

వెనకున్న పిల్ల బంతి వదిలేసింది. అతను చీపురుపుల్ల తెప్పించి బంతిని ఓ పక్కకు దొర్లించాడు. జేబులోంచి శానిటైజరు సీసా తీసి దానిమీద మూడుసార్లు కొట్టాడు. తొమ్మిదిమంది పిల్లలు చూస్తున్నారు. వాళ్ళలో శాంభవి అనే పిల్ల కిసుక్కున నవ్వింది.

“ఈ సీజన్‌కి నువ్వు రెస్టు తీసుకో అమ్మా” అన్నాడు.

బంతికి కాదు, ఆ అమ్మా అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది.

పిల్ల ఆటో ఎక్కనంది. ఇద్దరం గుణదల దాకా నడిచాం. ఇంటి దగ్గర ఒక్క మాటే అంది. “అమ్మకు చెప్పకు.”

“చెప్పను. కానీ నీ చెయ్యి తగిలిన వస్తువే వాడి చేత పట్టిస్తాను. పట్టించకపోతే నా పేరు తెరేసమ్మ కాదు.”

“ఊరుకో అమ్మమ్మా” అంది. నేను ఊరుకోలేదు. ఇరుగుపొరుగువాళ్ళను వదిలేశాను. వాళ్ళు భయపడ్డారు, తర్వాత సిగ్గుపడ్డారు, ఒకావిడ గోంగూర పచ్చడి కూడా పంపింది. ఉదయభాస్కర్‌కు భయం ఉంది, సిగ్గు లేదు. అలాంటివాణ్ణి వదిలితే తప్పు నాది.

ఆ ఏడు చదువులన్నీ వెనకబడ్డాయి కనుక టీసీ దొరికింది. జెస్సికా కంకిపాడులో ఒక చిన్న కాలేజీలో చేరింది. అక్కడ ఆటలు చూసే రాగిణి మేడం పదకొండుమంది పిల్లలను పోగేసింది. సగంమంది ఈ ఆట పేరే వినలేదు. మినపచేల పక్కన గ్రౌండు. నేనే తాడు తీసుకెళ్ళి గీశాను. అప్పుడు బయటపడింది నేను చేసిన తప్పు. ఎర్ర ముడి దగ్గర నిలబడి విసిరితే జెస్సికా బంతి ప్లేటు చేరకముందే దిగిపోతోంది.

“వేగం ఎంతుందో చూశారా పెద్దమ్మగారూ” అంది రాగిణి మేడం. “చివర్లో పడిపోతోంది. మూడడుగులే తేడా. ఈ పిల్లకు ఎక్కడ నేర్పించారండీ?”

“మా ఇంటి సందులో” అన్నాను. మిగిలింది మింగాను.

రెండు నెలలు కష్టపడింది. పది బంతుల్లో నాలుగు అందేవి, ఆరు నేల తాకేవి.

మార్చిలో పోటీలు పెట్టారు. ఎప్పుడూ పన్నెండు జట్లు వచ్చేవి, ఆ ఏడు అయిదే వచ్చాయి. జరిగేది మా పాత కాలేజీ గ్రౌండులో. కంకిపాడు పిల్లలకు మొదటి ఆటే ఉదయభాస్కర్ జట్టుతో పడింది. వాళ్ళ పిచర్ ఎవరనుకున్నారు? ఆ రోజు నవ్విన శాంభవి.

ముందురోజు ఉదయభాస్కర్ నాకు ఫోను చేశాడు. ఏడాదిగా మూసిన గదిలో ఇనుప టేపు తుప్పుపట్టి, లాగితే విరిగిందట.

“పెద్దామె, నీ తాడు తెచ్చుకుని గీసిపెట్టు. కాస్త దూరం దూరంగా చేసుకో.”

వెళ్ళాను. అతను వరండాలో, రెండు మాస్కులు కట్టుకుని, కుర్చీలో. పదకొండేళ్ళు పట్టుకున్న కొస ఆ రోజు పట్టుకోవడానికి రాలేదు.

“కొస పడతారా సారూ?” అని కావాలనే అడిగాను.

“మేకు కొట్టి కట్టుకో. ఆ తాడు మీ ఇంట్లోదే కదా?”

“మా ఇంట్లోదేనండీ. మా జెస్సికా రోజూ దాంతోనే ఆడుకుంటుంది.”

కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నాడు. మేకు కొట్టాను. తాడు బిగించాను. ఎర్ర ముడి దాకా నడిచి, అక్కడ ఆగి, మూడడుగులు ఇవతలికి వచ్చి పలక పాతాను. మా సందు కొలత. జెస్సికాకు కళ్ళు మూసుకున్నా అందే కొలత. నలభై మూడుకు అలవాటుపడ్డ శాంభవి బంతులు బ్యాటు పట్టిన పిల్లల తలల మీదుగా పోతాయి. అతను వరండాలోంచే, “అంతా సరిగా ఉందా?” అని అరిచి, కాగితం మీద సంతకం గీకేశాడు.

మర్నాడు పొద్దున్నే జట్లు వచ్చాయి. అంపైరు హుమాయూన్ గారు. జెస్సికా పలక ఎక్కి ఒక బంతి విసిరింది. నడుమకు పోయింది. రెండోది కూడా నడుమకే. మూడోది చేతిలో పట్టుకుని ఆగిపోయింది. కాళ్ళ కింద చూసుకుంది. ప్లేటు వైపు చూసింది. ఆ తర్వాత, గీత పక్కన చెక్కబల్ల మీద కూర్చున్న నా వైపు చూసింది.

నేను ఆకాశం వైపు చూశాను.

“సార్, పలక దగ్గరైంది. కొలవాలి సార్” అంది అంపైరుతో.

రాగిణి మేడం పరుగెత్తుకొచ్చింది. “నీకొచ్చిన నష్టమేంటే జెస్సీ? బంతి అందుతోందిగా, నోరు మూసుకుని ఆడు.”

“ఇది మా సందు కొలత మేడం. నాకు తెలుసు.”

ఈ పిల్లను పెంచింది నేనే, ఎవర్నని ఏం లాభం?

హుమాయూన్ గారు కాగితం తీశారు. “ఉదయభాస్కర్ గారూ, ఈ సంతకం మీదే కదండీ?”

“నాదేనండీ. అన్నీ చెక్ చేశాను.”

“అయితే ఇంకోసారి కలిసి చూద్దాం. టేపు తెప్పించండి.”

“టేపు విరిగిందండీ.”

“మరి దేంతో చెక్ చేశారు?”

ఆ మాటకు ఆ మనిషి మొహం చూడటానికి నేను కంకిపాడు నుంచి నడిచి రమ్మన్నా వచ్చేదాన్ని.

“తాడుతో...”

“అయితే తాడే తెండి. కొస మీరు పట్టండి.”

“అటెండర్ని పిలుస్తాను.”

“సంతకం అటెండర్ది కాదుగా.”

తాడు నేనే తెచ్చాను. కొస చాచాను. అతను జేబురుమాలు తీశాడు. “జారుతుందండీ, చేత్తో పట్టుకోండి” అన్నారు హుమాయూన్ గారు, తాపీగా. ఉదయభాస్కర్ ప్లేటు దగ్గర మోకాలి మీద కూర్చుని, మా జెస్సికా ఎనిమిది నెలలు రోజూ పరిచి చుట్టిన తాడును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“రెండు వేళ్ళతో బిగువు రాదు సారూ” అన్నాను. “గుప్పిట పెట్టి లాగండి.”

లాగాడు. ఎర్ర ముడి పలక దాటి మూడడుగులు అవతల పడింది. అయిదు జట్లూ చూశాయి.

“ఈ ముసలావిడ కావాలని చేసింది!”

“మూడో తరగతి చదివినదాన్ని, ముడి తప్పానేమోనండీ. మీరు పెద్ద చదువులు చదివారు, అన్నీ చెక్ చేశారు. మీకు కనబడలేదా?”

హుమాయూన్ గారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. నా పని ఇంకా అయిపోలేదు. నేరుగా అతని బల్ల దగ్గరకు వెళ్ళి, శానిటైజరు సీసా తీసుకుని, అతను పట్టుకున్న కొస మీద మూడుసార్లు కొట్టాను. సరిగ్గా మూడు. సీసా మళ్ళీ ఉన్నచోటే పెట్టాను. శాంభవి ఈసారి కూడా నవ్వింది. ఈసారి ఎందుకో నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు.

పలక వెనక్కి పాతారు. ఆట మొదలైంది. మొదటి ఇన్నింగ్స్‌లో జెస్సికా బంతులు నేల తాకాయి, మూడు పరుగులు పోయాయి. రెండోదాంట్లోంచి అది పళ్ళు బిగించి విసిరింది. మళ్ళీ ఒక్క పరుగే ఇచ్చింది. మావాళ్ళు మూడు చేశారు. ఒక్క పరుగుతో ఓడిపోయాం. కంకిపాడు పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. జెస్సికా తుడుచుకోలేదు.

గెలిచినవాళ్ళేం బావుకున్నారు? ఏప్రిల్లో మళ్ళీ అన్నీ మూతపడ్డాయి, పై పోటీలు జరగలేదు. చూడని గ్రౌండుకు సంతకం పెట్టినందుకు ఆ మరుసటి ఏడు పోటీల బాధ్యత ఉదయభాస్కర్‌కు ఇవ్వలేదు. ఆ కబురు విన్నరోజు నేను సేమ్యా పాయసం చేశాను.

కానీ ఆ పాయసం సంగతి తర్వాతది. ఓడిన సాయంత్రం జెస్సికా, నేను ఆటోలో వచ్చాం. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగింది.

“ఇన్నేళ్ళలో ఒక్క ముడి తప్పావా అమ్మమ్మా?”

“లేదు.”

“నన్ను గెలిపిద్దామని చేశావా, ఆయన్ని వంచుదామని చేశావా?”

అబద్ధం చెప్పొచ్చు. చెబితే నమ్మేదేమో కూడా. “వాణ్ణి వంచుదామని” అన్నాను.

“నేను ఆ మూడడుగులు వెనకనుంచే విసిరి గెలుద్దామనుకున్నాను. నువ్వు అక్కర్లేదన్నావు. రెండుసార్లు అన్నావు, సందులో ఒకసారి, గ్రౌండులో ఒకసారి” అంది. లోపలికెళ్ళి పడుకుంది. నన్ను క్షమించమని నేను అడగలేదు. నాకు అడగడం రాదు.

తెల్లవారి లేచేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తాడు సందులోంచి వీధిలోకి పరిచి ఉంది. జెస్సికా ఎర్ర ముడి మీద, నడివీధిలో నిలబడి, గోడకు విసురుతోంది. డ్యూటీకి బయల్దేరిన మార్త గోడ దగ్గర ఆగి, దొర్లిన బంతి తీసి కూతురి వైపు విసిరింది. పాలవాడు బండి ఆపి, “కాస్త తప్పుకోమ్మా” అన్నాడు.

“చుట్టూ తిరిగి పో” అన్నాను నేను, అరుగు మీద నుంచి. “ఏడాదిగా తిరిగే పోతున్నావుగా.”