గడప బయట తెరిచిన మందుపెట్టె

చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక ఊళ్లో నేను నర్సును. అక్కడ పసిపిల్లలకు కూడా ముందుగా నేర్పేది ఒకటే: నేల మీద పెట్టె గానీ డబ్బా గానీ కనిపిస్తే ముట్టొద్దు. ముడితే బాంబు పేలి చచ్చినవాళ్లున్నారు. ఇక పైనుంచి బాంబు పడుతుందని భయం; డ్రోన్ చప్పుడు వినబడిందా, పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే, మనుషులు ఇళ్లలోకి.

ఆ వానాకాలం మధ్యాహ్నం, మా ఆసుపత్రి గదిలో తొలికాన్పయిన పిల్లకు నెత్తురు ఆగలేదు. ఉన్న ఒక్క ఇంజెక్షనూ ఇచ్చేశాను. మిగతావి కరెంటు లేక ఫ్రిజ్‌లోనే పాడయ్యాయి. వాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయింది. ఫోన్ చేస్తే డాక్టరుగారు, "మందు డ్రోన్ల పెట్టి పంపిస్తున్నం. కడుపు మీంచి చెయ్యి తియ్యకమ్మా" అన్నారు. తీస్తే పిల్ల దక్కదని నాకు తెలియదా! నెత్తురు ఆగాలని ఇంకా గట్టిగా నొక్కిపట్టాను.

డ్రోన్ వచ్చింది. వరండాలో జనం క్షణంలో మాయం. తాడుతో పెట్టెను ఎదురుగా ఉన్న బడి ముందు దించి అది వెళ్లిపోయింది.

"మందు అది! ఎవరన్న తీస్కరాండ్రి!" అని గొంతు చించుకున్నాను. ఒక్కరు కదిలితే ఒట్టు. పిల్ల పెదవులు పాలిపోతున్నాయి. కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

మూలన అప్పుడే పుట్టిన మనవణ్ణి ఒళ్లో పెట్టుకొని పిల్ల అత్త ఒదిగి కూర్చునుంది.

"అవ్వా, నువ్వన్న పో."

"పేల్తదేమో సిస్టరమ్మా?"

"పేలదు. నా పిల్లల మీద ఒట్టు."

నమ్మలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా మనవణ్ణి ముద్దాడి, తల్లి పక్కన పడుకోబెట్టి లేచింది.

కిటికీలోంచి చూస్తున్నాను. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లు మూసుకొని ఎత్తింది. చేతులు బారుగా చాపి, మొహం పక్కకు తిప్పుకొని నడిచొచ్చింది. గడప బయటే ఆగిపోయింది.

"లోపటికి తే అవ్వా, జల్దీ!"

"ఆగు. గీడనే తెరుస్త. పేలితే నేనొక్కదాన్నే పోత."

మాకు వీపు అడ్డుపెట్టి కూర్చుంది. మూత కిర్రుమంది. ఒట్టేసిన నేను కూడా కళ్లు మూసుకున్నాను.

"సల్లగున్నదే!" అని అరిచింది అవ్వ.

నా చేతులున్న చోట ఆమె చేతులు పెట్టి నొక్కమన్నాను. ఇంజెక్షన్ ఇచ్చాను. చాలాసేపటికి నెత్తురు ఆగింది. "ఇగ తియ్యొచ్చు అవ్వా" అంటే కూడా ఆమె చేతులు తియ్యలేదు.