సెల్లార్లో బాబాయిగారు

మా ఎదురు ఫ్లాట్ బాబాయిగారు పోయారు. ఆసుపత్రి నుంచి కబురు రాగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. వాటి వెనకే ప్రెసిడెంటుగారి మెసేజీ: "బాడీని పైకి తీసుకెళ్ళొద్దండీ. సెల్లార్లోనే ఉంచుదాం." దండాలు పెట్టినవాళ్ళలో ఒక్కరూ కాదనలేదు.

గట్టి వాన పడితే గవర్నర్‌పేటలో మా వీధి నీళ్ళన్నీ ఆ సెల్లార్లోకే దిగుతాయి. తోడిపోసే మోటారు మూల గుంటలో ఉంటుంది. బాబాయిగారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, అద్దెకుంటున్నారు, కారు కూడా లేదు. అయినా ఆ మోటారు బాగోగులు ఆయనే చూసేవారు. పంచె ఎగ్గట్టి గుంట పక్కన కూర్చుని, "మోటారు తిరిగితే చాలదమ్మాయ్, నీళ్ళు దిగాలి" అనేవారు. పైపు మీద చెయ్యి వేసి చూడమనేవారు. పైపు అదిరితే నీళ్ళు పోతున్నట్టు. మోత ఉండి పైపు కదలకపోతే అడుగున జాలీకి ఏదో అడ్డం పడ్డట్టు.

ఆ అడ్డం పడేది దేవుడి పూలే. చెత్తబుట్టలో వేస్తే పాపం, కాలవదాకా వెళ్ళాలంటే బద్ధకం. అందుకని మావాళ్ళు వెనక బాల్కనీల్లోంచి కిందికి జారవిడుస్తారు. అవి గుంటలోకి చేరి, దండ దారం మోటారుకి చుట్టుకుంటుంది. "పుణ్యం వాళ్ళకి, పీకుడు నాకు" అని నవ్వేవారాయన. నాకు ఒళ్ళు మండేది.

ఒంటిగా ఉండే నాకు ఫ్యూజు వెయ్యడం, కుళాయి వాషరు మార్చడం నేర్పింది ఆయనే. "ఎవర్నీ బతిమాలకు, నీ చెయ్యే తడుపుకో" అనేవారు. ఆ మాటతోనే ఇవాళ్టికీ బతుకుతున్నాను.

ఆయన్ని తెచ్చిన రోజు పొద్దుటినుంచీ ఒకటే వాన. పిన్నిగారు ప్రెసిడెంటుగారికి చేతులు జోడించారు.

"ఒక్క గంట మా హాల్లో పడుకోబెట్టుకుంటానండీ. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి."

"మాకూ బాధేనమ్మా. పైన పెళ్ళిపనులు మొదలెట్టుకున్నారు. మీ ఓనరుగారూ వద్దన్నారు."

సెల్లార్లో బల్లలేసి ఫ్రీజర్ బాక్స్ పెట్టారు. మధ్యాహ్నానికి నీళ్ళు మడమలు దాటాయి. మోటారు స్విచ్చి కాలిపోయి ఉంది. పనిచేసే ప్లగ్గు గోడమీద ఒక్కటే, దానికి బాబాయిగారి పెట్టె తగిలించి ఉంది.

"పిన్నిగారూ, కాసేపు పెట్టె ప్లగ్గు తీస్తే... కార్లు మునిగిపోతున్నాయండీ."

అడిగింది ప్రెసిడెంటుగారే. ఛీ, ఏం మనిషి! పిన్నిగారు లేచి వెళ్ళి తనే ప్లగ్గు పీకారు.

మోటారు మోగింది కానీ నీళ్ళు దిగలేదు. మగాళ్ళంతా తలో మాటా అన్నారు, ఒక్కడూ వంగలేదు. నేను పైపు పట్టుకున్నాను, కదలిక లేదు. కరెంటు తీయించి, తాడు పట్టి మోటారు పైకి లాగాను. జాలీ నిండా కుళ్ళిన బంతిపూలు, దారం. చేతులతో పీకి మళ్ళీ దింపితే పైపు అదిరింది.

"హమ్మయ్య, అంతా బాబాయిగారి పుణ్యం!" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆయన్ని ఆ గుంటలోకి తోసెయ్యాలనిపించింది.

"ఇంక పెట్టెకి కరెంటివ్వండి" అన్నాను.

"పూర్తిగా దిగనివ్వమ్మా" అని అందరూ భోజనాలకి పైకి వెళ్ళిపోయారు.

పెట్టె అద్దం లోపల చెమట పట్టింది. పిన్నిగారు కొంగుతో పైనుంచి తుడిచారు. మొహం కనపడలేదు. మళ్ళీ తుడిచారు.

"ఆయనకి ఉక్క అస్సలు పడదమ్మాయ్" అని, అదే కొంగుతో అద్దం మీద విసరడం మొదలుపెట్టారు.