ఇసక పావురం పటం

చనిపోయినవాళ్ళ ఫోటోలకి ఫ్రేములు కట్టి నలభై ఏళ్ళు బతికాను. పూర్ణా మార్కెట్ పక్క సందులో నా కొట్టు. ఒక్క ఫోటో కూడా ఏనాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. దెయ్యాల కబుర్లు మొదలుపెట్టినవాణ్ణి కొట్టు మెట్లు దిగమనేవాణ్ణి.

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. ఫ్రేముల వెనక వేసే పాత పేపర్లు చదివి చదువు నేర్చుకున్నాను. అందుకే ఎవరైనా "మీకు తెలీదులెండి" అంటే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు చెప్పబోయే సంగతి విన్న పెద్ద చదువుల వాళ్ళు ముందు అన్నది ఆ మాటే.

అప్పలనాయుడు నా చిన్ననాటి స్నేహితుడు. ఒకర్నొకరం బావా అనుకునేవాళ్ళం. తొంభైల మొదట్లో గల్ఫ్‌లో క్రేన్ నడిపి, తిరిగొచ్చి స్టీల్ ప్లాంటులో చేరాడు. వచ్చేటప్పుడు అక్కడి దొర ఇచ్చిన మూడు బొమ్మలు గొట్టంలో చుట్టి తెచ్చాడు. దళసరి కాగితం మీద అచ్చువేసిన ఎడారి బొమ్మలు. ఒకదాంట్లో నక్క, ఒకదాంట్లో బట్టమేక పిట్ట. మూడోదాంట్లో ఇసక రంగు పిట్ట ఒకటి, పావురమంత ఉంటుంది, చిన్న నీటిగుంటలో పొట్టదాకా దిగి నిలబడి ఉంది. వాడు దాన్ని ఇసక పావురం అనేవాడు. మూడింటికీ ఫ్రేములు కట్టమని నాకిచ్చాడు.

బొమ్మల కింద తెల్లటి అంచు మీద చిత్రకారుడి పెన్సిల్ సంతకం, ఏదో నంబరు ఉండేవి. నాది దేవుడి పటాల సైజులకి అలవాటు పడ్డ చెయ్యి. అంచు దండగనుకుని సంతకంతో సహా కోసేశాను. అలాంటి బొమ్మలకి ఆ సంతకమే ప్రాణమని తర్వాత ఎవరో చెబితే తల ఎత్తుకోలేకపోయాను. వాడు మాత్రం నవ్వాడు.

"పిట్టనైతే కొయ్యలేదు గదేటి బావ" అన్నాడు.

ఎడారిలో ఆ మగపిట్ట రొమ్ము ఈకల్ని నీళ్ళలో తడుపుకుని, మైళ్ళకి మైళ్ళు ఎగిరి వెళ్ళి పిల్లలకి తాగిస్తుందని వాడే చెప్పాడు. కోతలు కొయ్యకన్నాను. లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తిరగేశాను. నిజమే.

పదేళ్ళ తర్వాత వాడికి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకి రెండు గ్లాసుల నీళ్ళు దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టరు. మిషను ఎక్కించే ముందు ప్రతిసారీ బరువు చూస్తారు. చాటుగా తాగితే అక్కడ పట్టుబడుతుంది.

మే నెల. ఉక్కునగరంలో వాడి క్వార్టరు గోడలు సాయంత్రానికి కూడా కాలుతూనే ఉండేవి. వాడు మంచం దిగలేడు. వాడి భార్య పైడమ్మ వంటగదికి తాళం వేసింది. పగళ్ళు నేను కాపలా కూర్చునేవాణ్ణి. ఎదురుగా గోడ మీద ఆ మూడో పటం.

"ఒక్క గుక్క బావ" అని ఎన్నిసార్లు అడిగాడో. నేను ముఖం తిప్పుకునేవాణ్ణి. ఇంతకంటే చేతకానితనం నాకు తెలీదు.

ఒక వారం బరువు మూడు కిలోలు ఎక్కువ చూపించింది. ఎవరిచ్చారని నర్సు పైడమ్మని అందరి ముందూ తిట్టింది. ఆమె నన్ను అనుమానించింది. నేను ఆమెని అనుమానించాను. మళ్ళీ మిషను ఎక్కించేదాకా రాత్రీ పగలూ నేను అక్కడే ఉండి, వాడి పక్కనుంచి కదల్లేదు. మళ్ళీ అంతే బరువు.

నిజం చెప్పమని వాణ్ణి నిలదీశాను. వాడు పటం వైపు చూశాడు.

"దానికి రెక్కలు నొప్పెడతన్నాయి బావ. ఎంత దూరం నుంచి తెత్తందో ఏటో. ఒద్దని నాను సెప్పీగలను. మరి నువ్వు ఇత్తావా?"

నాకు కోపం వచ్చింది. పటం దించి చూశాను. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, సముద్రపు గాలి చొరబడకుండా పటం వెనక నేను అంటించిన కాగితం ఎక్కడా చిరగలేదు. విప్పాను. పిట్ట రొమ్ము దగ్గర మాత్రం, బొటనవేలంత మేర తడి. వేలు పెడితే తడి అంటింది. బొమ్మ వెనకవైపు పొడిగా ఉంది.

విశాఖ గాలికి ఏ పటమైనా చెమ్మ పడుతుందని ఆ చదువుకున్నవాళ్ళు నాకే పాఠం చెబుతారు. నలభై ఏళ్ళు ఆ చెమ్మతోనే కుస్తీ పట్టాను. చెమ్మ అంచుల నుంచి వస్తుంది, గోధుమరంగు మరక వేస్తుంది, బూజు వాసన కొడుతుంది. ఇది అది కాదు.

నమ్మని నేనే ఆ పటాన్ని పట్టుకుపోయి నా కొట్టులో పెట్టి తాళం వేశాను. వాడు గోడ మీద ఖాళీ మేకు వైపు చూస్తూ పడుకున్నాడు.

తర్వాత రెండుసార్లూ బరువు సరిగ్గా ఉంది. నర్సు మెచ్చుకుంది. వాడి పెదాలు పగిలి నెత్తురు కారేది.

పది రోజులకి వాడి గుండె ఇక మిషన్ని తట్టుకోలేదన్నారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళి అడిగినన్ని నీళ్ళు ఇవ్వండి అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

మధ్యాహ్నం ఇంటికి చేర్చి మంచం మీద పడుకోబెట్టాం. పైడమ్మ తాళం తీసింది. నేను వంటగదిలోకి పరిగెత్తి కుండలో నీళ్ళు గ్లాసు నిండా ముంచి తెచ్చాను. తల కింద చెయ్యి వేసి ఎత్తాను.

"తాగు బావా. ఎంత కావాలంటే అంత తాగు."

వాడు గ్లాసుని మెల్లగా పక్కకి తోశాడు.

"ఒద్దు బావ. ఇప్పుడే తాగీసినాను."

పొద్దున పగిలి ఉన్న పెదాలు తడిగా ఉన్నాయి. గడ్డం మీదుగా ఒక చుక్క జారింది. పైడమ్మ కూడా చూసింది. పటం పాతిక కిలోమీటర్ల అవతల నా కొట్టులో ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది.

పొద్దు వాలకముందే వాడు పోయాడు.

ఇది ఎలా జరిగిందో నాకు ఈనాటికీ తెలీదు. తెలిసిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వింటాను. నాకు తెలిసింది ఒక్కటే. వాడి ఆఖరి దాహం తీర్చిన నీళ్ళు నేనిచ్చినవి కావు.