మస్కి దాకా వచ్చిన సముద్రం

ఆ రోజుల్లో నాకు తెలియని చేప ఈ లోకంలో లేదు. డిగ్రీ చేతికి రాగానే రాయచూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఉద్యోగం తాత్కాలికం. ఏడాది చివర ప్రిన్సిపాలుగారు ఒక మంచి ముక్క రాస్తేనే ఖాయం, లేకపోతే మస్కి దగ్గర క్యాంపులో పెదనాన్న పొలంలో వరికోతే గతి. (మావాళ్ళు తుంగభద్ర కాలవను నమ్ముకుని గోదావరి జిల్లా నుంచి వచ్చారు. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు.)

కాలవకు నీళ్ళు ఆపేసిన రోజుల్లో ఒక ఆదివారం క్యాంపుకు వెళ్ళి, కాలవలో మిగిలిన మడుగులో నాలుగు చేపలు పట్టాను. మొద్దు మూతి, మిడిగుడ్లు, రాయిని కరుచుకుని కూర్చునే వాటం. చూడగానే పుస్తకంలోని దువ్వెనపళ్ళ బ్లెన్నీ బొమ్మ గుర్తొచ్చింది. బ్లెన్నీడే కుటుంబం, ఒంటిమీద పొలుసుండదు, వీపు పొడుగునా ఒకటే రెక్క, సముద్రపు రాళ్ళ మధ్య కాపురం. లక్షణాలన్నీ గడగడా అప్పజెప్పగలను. చేపను తిప్పి చూడాలని మాత్రం తట్టలేదు. (అంత చదువుకున్నాక ఇంకా చూడటం దేనికి?) ఒకదాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి లాటిన్ పేరు అంటించాను. మిగతా మూడూ పెద్దమ్మ నీళ్ళగాబులో వదిలాను.

మర్నాడే ప్రిన్సిపాలుగారికి చెప్పేశాను. ఆయన పాత రాయచూరు మనిషి, చరిత్ర చెప్పేవారు. "సముద్రపు చేప మన కాలవల? జబర్దస్త్ ఉందయ్యా! ఐతారం నేనే వస్త" అన్నారు.

అన్నట్టే క్యాంపుకు వచ్చారు. సీసా చేతికిచ్చి, సముద్రం మస్కి దాకా ఎలా వచ్చిందో గంటసేపు వాయించాను. భోజనాల దగ్గర ఆయన పులుసు రెండోసారి వేయించుకుని, "ఏం చేపమ్మా ఇది?" అని అడిగారు.

"ఇసుకదొందులండి, ఏ కాలవలోనైనా దొరికేవే. మావాడు గాబులో వదిలినవే, మీరొస్తున్నారని వండేశాను" అంది పెద్దమ్మ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పెద్దమ్మా, అవి సముద్రపు జాతి! వాటికి పొలుసే ఉండదు!"

"పొలుసు లేకపోతే, పొద్దుట్నించీ బూడిదేసి రాయిమీద రుద్దింది నీ వీపా ఏంట్రా?"

ప్రిన్సిపాలుగారు ఎడంచేత్తో సీసా ఎత్తి వెలుతురుకు పట్టుకున్నారు. "వీపు మీద ఒక్కటే రెక్క అంటివి గదా, గిక్కడ రెండున్నయి. చరిత్ర చెప్పేటోన్ని, నాకే కనవడుతున్నది. నీకెట్ల కనవడలే?"

ఆయన మెచ్చుకున్నది పులుసునే. నా కాగితం మీద మాత్రం ఇంకో ఏడాది తాత్కాలికం అని రాశారు.

తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ రెక్కలు లెక్కపెట్టకుండా ఏ చేపకూ పేరు పెట్టలేదు. లెక్కపెట్టని కుర్రాళ్ళకు నిర్దాక్షిణ్యంగా సున్నాలు వేశాను. ఆ డిమాన్‌స్ట్రేటరు నా దగ్గరికొచ్చినా ఉద్యోగం ఖాయం చేసేవాణ్ణి కాదు. కానీ సీసా చంకలో పెట్టుకుని వాడు రాయచూరు వీధుల్లో తిరిగిన ఆ వారం రోజుల సంతోషం, ఆ తర్వాత చెప్పిన సరైన జవాబుల్లో ఒక్కదాంట్లోనూ నాకు దొరకలేదు. వెధవ, ఎంత హాయిగా ఉన్నాడో!